కొత్త ల్యాప్‌టాప్‌లో మెనూ అక్షరాలు మరీ చిన్నవైతే: రిజల్యూషన్ తగ్గించకండి, స్కేల్ సరిచేయండి

మీరు రాసిందంతా క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. మీ నాన్నగారికి అరవై దాటాయి. ఇంట్లోనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో, అను అనే తెలుగు ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేస్తారు. పాత 19 అంగుళాల చదరపు మానిటర్ పక్కన పెట్టి, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ కొన్నారు. మెనూలు కనబడటం లేదని రిజల్యూషన్ తగ్గిస్తే అంతా మసకబారింది. తెర మీదివన్నీ ఎంత పెద్దగా కనబడాలో చెప్పే విండోస్ సెట్టింగ్, స్కేల్, 150 శాతం చేస్తే పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అడుగున ఉండే సేవ్ బటన్ తెర కిందికి పోయింది. ఫొటోషాప్, బ్రౌజర్ సంగతి కూడా అడిగారు. ఇవన్నీ మారిస్తే ప్రింటు సైజు కూడా మారిపోతుందేమోనని నాన్నగారికి టెన్షన్.

ముందు ఆ టెన్షన్ తీసేద్దాం. స్క్రీన్ స్కేల్‌కీ ప్రింటుకీ ఏ సంబంధమూ లేదు. పేజీలో 12 పాయింట్లు పెట్టిన అక్షరం కాగితం మీద అంగుళంలో ఆరో వంతే, తెర మీద అది ఎంత పెద్దగా కనబడినా సరే. మెనూల సైజు, తెర స్కేల్, పేజీ జూమ్ ఎన్నిసార్లు మార్చినా శుభలేఖ కొలతలు మారవు. ఇది నాన్నగారికి నమ్మకంగా చెప్పండి. ఈ భయంతోనే చాలామంది పెద్దవాళ్లు సెట్టింగుల జోలికి వెళ్లకుండా, తెరకి ముక్కు ఆనించి పని చేస్తుంటారు.

ఇక అసలు జరిగిందేమిటో చూద్దాం. విండోస్ మెనూల్లో వాడే ఫాంటు మామూలుగా 9 పాయింట్లు. 100 శాతం స్కేల్ దగ్గర అది 12 పిక్సెళ్లు, అంటే తెర మీది 12 చుక్కల ఎత్తు. మీ పాత 19 అంగుళాల మానిటర్ 1280 బై 1024 అయి ఉంటుంది, అంటే అంగుళానికి దాదాపు 86 పిక్సెళ్లు. కొత్త ల్యాప్‌టాప్ తెర మీద అంగుళానికి 141. అవే 12 పిక్సెళ్లు పాత తెర మీద సుమారు మూడున్నర మిల్లీమీటర్లు, కొత్త తెర మీద రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఇందులో నాన్నగారి కళ్ల తప్పేమీ లేదు, అక్షరమే దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గిపోయింది. ఈ సైజు ల్యాప్‌టాప్‌లు సాధారణంగా 125 శాతంతో వస్తాయి. అప్పుడు కూడా 2.7 మిల్లీమీటర్లే. 150కి పెంచితే 3.2, 175కి పెంచితే 3.8 దాకా వస్తుంది. అంటే పాత మానిటర్ సైజు కావాలంటే 150కీ 175కీ మధ్య ఉండాలి. నమ్మకం కుదరకపోతే స్కేలు బద్ద తెర మీద పెట్టి కొలిచి చూడండి, తేడా కళ్లముందే తెలుస్తుంది.

రిజల్యూషన్ తగ్గించడం మాత్రం వెంటనే మానేయండి. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ తెరలకు పిక్సెళ్లు ఫ్యాక్టరీలోనే బిగించి ఉంటాయి. మీ తెరకి అడ్డంగా 1920, నిలువుగా 1080. దానికి 1366 బై 768 పెడితే ఒక్కో పిక్సెల్‌ని సుమారు 1.4 పిక్సెళ్ల మీద సర్దాల్సి వస్తుంది. అది సరిగ్గా కుదరదు, అందుకే గీతల అంచులన్నీ అలుక్కుపోతాయి. ఇంగ్లీషు అక్షరాలు దాన్ని కొంత తట్టుకుంటాయి, తెలుగు అస్సలు తట్టుకోదు. ‘శాస్త్రి’ అన్న పేరే తీసుకోండి. స మీద గుడి, కింద త వత్తు, ర వత్తు. ఇన్ని అంతస్తులు పన్నెండు పిక్సెళ్ల ఎత్తులోనే ఇరుక్కోవాలి. దకీ ధకీ, డకీ ఢకీ మధ్య తేడా కింద ఉండే చిన్న గీతే. తెర మసకబారితే ముందు పోయేది ఆ గీతే. ప్రూఫు తెర మీదే చూసుకునే మనిషికి ఇది చాలా నష్టం. పెళ్లికొడుకు పేరులో ఒత్తు పోయిందని కార్డులు అచ్చయ్యాక తెలిస్తే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

కాబట్టి డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. రిజల్యూషన్ దగ్గర 1920 బై 1080 పక్కన రికమెండెడ్ అని ఉంటుంది, దానికే మార్చండి. అదే పేజీలో దానికి పైనే స్కేల్ కనిపిస్తుంది. అక్షరాలు పెద్దవి కావాలంటే ఎప్పుడూ దాన్నే మార్చాలి. రిజల్యూషన్ మళ్లీ ముట్టుకోవద్దు.

150 పెడితే సేవ్ బటన్ ఎందుకు మాయమైందో ఇక్కడే తెలుస్తుంది. స్కేల్ పెంచితే అక్షరం పెరుగుతుంది, కానీ తెర పెరగదు. 1080ని ఒకటిన్నరతో భాగిస్తే 720. అంటే 150 శాతం దగ్గర పాత సాఫ్ట్‌వేర్‌కి మీ తెర 1280 బై 720 అన్నట్టే. ఆ కాలపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు 1024 బై 768 తెరను ఊహించి రాసినవి. 768 ఎత్తున్న ఫారాన్ని 720లో పెడితే అడుగు భాగం తెగిపోక తప్పదు, టాస్క్‌బార్ మళ్లీ కొంత తినేస్తుంది. 125 శాతం దగ్గరైతే 1536 బై 864 దొరుకుతుంది, టాస్క్‌బార్ పోగా కూడా ఫారం పడుతుంది. అందుకని ల్యాప్‌టాప్ తెర ఒక్కటే వాడాల్సి వస్తే మీరు 125 దగ్గరే ఆగండి. ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లేనివాళ్లకైతే నేను నిస్సంకోచంగా 150 పెట్టుకోమంటాను. ఎప్పుడైనా బటన్ కనబడని డబ్బా (డైలాగ్ బాక్స్) ఎదురైతే కంగారు పడక్కర్లేదు. ఎంటర్ కొడితే చాలా డబ్బాల్లో ఓకే నొక్కినట్టే, ఎస్కేప్ కొడితే క్యాన్సిల్ చేసినట్టే. ట్యాబ్ కీ నొక్కుతూ పోతే కనబడని బటన్ మీదికీ చేరుకోవచ్చు. టాస్క్‌బార్‌ని దానంతటదే దాక్కునేలా పెట్టుకుంటే ఇంకొంచెం చోటు మిగులుతుంది.

125 దగ్గర ఆగినప్పుడు మిగిలిన లోటు తీర్చడానికి ఇంకో సెట్టింగ్ ఉంది. విండోస్ కీ, యు కలిపి నొక్కితే యాక్సెసిబిలిటీ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ టెక్స్ట్ సైజ్ అని 100 నుంచి 225 దాకా జరిగే మీట ఉంటుంది. స్కేల్ అయితే బొమ్మలు, బటన్లు, ఖాళీలు, అక్షరాలు అన్నింటినీ పెంచుతుంది. ఇది అక్షరాలనే పెంచుతుంది. విండోస్ 7 రోజుల్లో మెనూకి ఒక సైజు, టైటిల్‌కి ఒక సైజు, ఐకాన్ పేర్లకు ఒక సైజు విడివిడిగా పెట్టుకునేవాళ్లం, నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌లో ఆ సదుపాయం తీసేశారు. దాని బదులు 2018 అక్టోబర్ అప్‌డేట్‌లో ఈ మీట ఇచ్చారు. నా ఉద్దేశంలో ఆ పాత పద్ధతే మేలు, కానీ ఇప్పుడున్నది ఇదే. 120తో మొదలుపెట్టి చూడండి, చాలకపోతే 130. అంతకు మించితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు వాటి గడుల్లోంచి బయటికొచ్చి తెగిపోతాయి. ఇంకో సంగతి, ఈ మీటకి అన్నీ లొంగవు. పాత సాఫ్ట్‌వేర్లలో పైన వరుసగా ఉండే మెనూ, టైటిల్ పట్టీ విండోస్ ఇచ్చినవే కాబట్టి పెరుగుతాయి. సాఫ్ట్‌వేర్ తానే గీసుకున్న ప్యాలెట్లు, అంటే పనిముట్లుండే చిన్న పెట్టెలు మాత్రం ఉన్న చోటే ఉంటాయి.

ఇక పేజ్‌మేకర్. ఇది 2001లో వచ్చింది, దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. ఇంత సన్నటి పిక్సెళ్ల తెరలు అప్పటికి అరుదు, కాబట్టి దానికి స్కేల్ అంటే ఏమిటో తెలియదు. తెర ఎప్పుడూ 100 శాతంలోనే ఉందనుకుని గీస్తుంది. విండోస్ ఆ బొమ్మను తీసుకుని, చిన్న కాగితాన్ని జెరాక్సులో పెద్దది చేసినట్టు, సాగదీసి చూపిస్తుంది. సైజు వస్తుంది కానీ అంచులు పోతాయి. రిజల్యూషన్ సరిచేశాక కూడా పేజ్‌మేకర్ ఒక్కటే మసకగా ఉంటే కారణం ఇదే.

దానికి ఒక మందు ఉంది. పేజ్‌మేకర్ మూసేసి, దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. కంపాటిబిలిటీ అన్న ట్యాబ్‌లో చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే వచ్చే డబ్బాలో కింద ఓవర్‌రైడ్ అని మొదలయ్యే గడికి టిక్కు పెట్టండి. దాని కింద మూడు రకాలు కనిపిస్తాయి. అప్లికేషన్ అని పెడితే అక్షరాలు పదునుగా వస్తాయి కానీ మళ్లీ రెండు మిల్లీమీటర్లకు పడిపోతాయి. సిస్టమ్ అని పెడితే విండోసే సాగదీస్తుంది, పెద్దగా ఉంటాయి కానీ మసక. మూడోది సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్. ఇది పాత పద్ధతిలో గీసే సాఫ్ట్‌వేర్ల కోసమే పెట్టింది. బొమ్మని సాగదీయకుండా అక్షరాన్నే పెద్ద సైజులో మళ్లీ గీయిస్తుంది. ముందు దాన్నే పెట్టి చూడండి. మెనూలు, డబ్బాల్లోని అక్షరాలు చాలావరకు తేటగా వస్తాయి. టూల్ బాక్స్‌లోని బొమ్మలు మాత్రం కొంచెం మసకగానే ఉంటాయి, వాటిని ఆకారం బట్టి గుర్తుపట్టేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. ఏదైనా ప్యాలెట్‌లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడితే వెనక్కి సిస్టమ్‌కి మార్చేయండి. ఈ మార్పు ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌కే వర్తిస్తుంది, మిగతావాటికి ఏమీ కాదు.

పేజ్‌మేకర్ లోపల కూడా నాన్నగారి పని తేలిక చేసేది ఒకటుంది. చాలామంది దాన్ని అసలు తెరిచే చూడరు. మ్యాటర్ కొట్టేటప్పుడు, దిద్దేటప్పుడు పేజీ మీద కాకుండా, మ్యాటర్‌ని మాత్రమే విడిగా చూపించే స్టోరీ ఎడిటర్‌లో చేయమనండి. టెక్స్ట్‌లో కర్సర్ పెట్టి కంట్రోల్, ఈ నొక్కితే తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో జనరల్, అక్కడ మోర్ బటన్ నొక్కితే స్టోరీ ఎడిటర్‌కి ఫాంటు, సైజు అడుగుతుంది. అక్కడ నాన్నగారు రోజూ వాడే అను ఫాంటు పెట్టి, సైజు 18 గానీ 20 గానీ ఇవ్వండి. పేజీలో మ్యాటర్ 11 పాయింట్లలో ఉన్నా, ఎడిటర్‌లో హాయిగా పెద్ద అక్షరాల్లో చదువుకోవచ్చు. ఆ ఫాంటు మర్చిపోయి ఇంగ్లీషు ఫాంటే వదిలేస్తే అక్కడ తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, అది చూసి ఫైలు పాడైందని అనుకోవద్దు. పేజీ మీద చూడాల్సి వస్తే కంట్రోల్, 2 కొడితే 200 శాతం, కంట్రోల్, 0 కొడితే పేజీ మొత్తం తెరకి సరిపడా వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సర్దుబాట్లే. మీ ఇంట్లో ఇంతకంటే మంచి పరిష్కారం ఉంది: ఆ పాత 19 అంగుళాల మానిటర్. దాన్ని అమ్మేయకండి, ల్యాప్‌టాప్‌కి తగిలించండి. నేను డీటీపీ సెంటర్లకూ ప్రెస్సులకూ కంప్యూటర్లు సరిచేసి ఇస్తుంటాను, పేజ్‌మేకర్ మీద బతికే ప్రతి ఒక్కరికీ ఇదే చెబుతాను. విండోస్ 10, 11లలో ఒక్కో తెరకి ఒక్కో స్కేల్ పెట్టుకోవచ్చు. పాత మానిటర్‌కి 100, ల్యాప్‌టాప్‌కి 150 ఇవ్వండి. 100 శాతం తెర మీద పేజ్‌మేకర్‌ని సాగదీయాల్సిన పనే లేదు, అందుకని మూడున్నర మిల్లీమీటర్ల అక్షరం, అదీ పదునుగా, నాన్నగారికి ఏళ్లుగా అలవాటైన సైజులోనే వస్తుంది. బిల్లింగ్ ఫారానికి కావలసింది 768 వరుసలు, అక్కడ 1024 ఉన్నాయి. సేవ్ బటన్ కూడా తిరిగొస్తుంది.

తగిలించేటప్పుడు కొన్ని చూసుకోవాలి. పాత మానిటర్‌కి పాత రకం వీజీఏ సాకెట్ మాత్రమే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి, కంప్యూటర్ షాపుల్లో దొరుకుతుంది. తగిలించాక ఆ తెర రిజల్యూషన్ 1280 బై 1024 ఉందో లేదో చూడండి, కొన్నిసార్లు వేరేది ఎంచుకుంటుంది. మానిటర్ మీద ఆటో అనే బటన్ ఉంటే ఒకసారి నొక్కండి. వీజీఏలో అక్షరాలు వణికినట్టుగానో, నీడ పడ్డట్టుగానో ఉంటే దాంతో కుదురుకుంటాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ మానిటర్‌ని ఎంచుకుని దాన్నే మెయిన్ డిస్‌ప్లే చేయండి. పేజ్‌మేకర్‌కి ఇంతకుముందు పెట్టిన ఓవర్‌రైడ్ టిక్కు తీసేయండి. ఆ తర్వాత తప్పకుండా సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రండి. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్ని సైన్ ఇన్ అయినప్పుడు మెయిన్ తెర స్కేల్ ఎంత ఉందో దాన్నే పట్టుకుని కూర్చుంటాయి. ఈ ఒక్క పని చేయక, ఏం మార్చినా ఉపయోగం లేదనుకునేవాళ్లు ఎందరో.

ఫొటోషాప్ విషయం సులువు. క్రియేటివ్ క్లౌడ్ వెర్షన్ అయితే ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్తే యూఐ ఫాంట్ సైజ్ ఉంటుంది. లార్జ్ పెట్టి, స్కేల్ యూఐ టు ఫాంట్ అన్న గడికి టిక్కు పెట్టి, ఫొటోషాప్ మూసి తెరవండి. మూసి తెరిచేదాకా మార్పు కనబడదు. వర్డ్, ఎక్సెల్ మెనూలకు సొంత సైజు సెట్టింగ్ లేదు, విండోస్ స్కేల్‌నే అనుసరిస్తాయి. కింద మూలన ఉండే జూమ్ పేజీకి మాత్రమే.

బ్రౌజర్‌లో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. పేజీలోని అక్షరాలు కంట్రోల్, ప్లస్‌తో పెరుగుతాయని మీకు తెలిసిందే. ప్రతి సైటుకీ అలా చేసే బదులు క్రోమ్ సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్ కింద పేజ్ జూమ్ 125 పెట్టేయండి. అక్కడే కస్టమైజ్ ఫాంట్స్‌లో మినిమమ్ ఫాంట్ సైజ్ కూడా పెంచుకోవచ్చు. తెలుగు పత్రికలు ఎక్కువ చదివేవారికి ఫైర్‌ఫాక్స్ ఇంకా బాగుంటుంది. దాని సెట్టింగ్స్‌లో ఫాంట్ల దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే ఏ లిపికి ఎంత సైజో విడిగా చెప్పొచ్చు. ఆ జాబితాలో తెలుగు ఉంది. ఇంగ్లీషు 16 దగ్గరే ఉంచి తెలుగుకి 19, మినిమమ్ 16 ఇచ్చుకోవచ్చు. పేజీ తయారుచేసినవాళ్లు ఇది తెలుగు అని కోడ్‌లో రాసి ఉంటేనే ఇది పనిచేస్తుంది, అన్ని సైట్లూ ఆ శ్రద్ధ చూపవు. ట్యాబుల పేర్లు, బుక్‌మార్కులు లాంటి బ్రౌజర్ సొంత అక్షరాలు పేజీ జూమ్‌తో పెరగవు. విండోస్ స్కేల్ సరిగ్గా ఉంటే వాటితో సమస్య రాదు.

జావా మీద నడిచే పాత యుటిలిటీలు ఏవైనా చీమ తలకాయంత అక్షరాలతో తెరుచుకుంటే అది జావా 8 వల్ల కావచ్చు. విండోస్‌లో స్కేల్‌ను సరిగ్గా పట్టించుకోవడం జావాలో 2017 నాటి 9వ వెర్షన్‌తో వచ్చింది. కొత్త జావాతో నడవని సాఫ్ట్‌వేర్ అయితే ఆ జావా ప్రోగ్రామ్ ఫైలుకే, పైన చెప్పిన ప్రాపర్టీస్ డబ్బాలో సిస్టమ్ అని పెట్టండి. కొంచెం మసకగా ఉన్నా చదవగలుగుతారు.

మౌస్ బాణం కనబడక వెతుక్కుంటుంటే యాక్సెసిబిలిటీ పేజీలోనే మౌస్ పాయింటర్ సైజు, రంగు మార్చుకోవచ్చు. కర్సర్ ఎక్కడుందో రంగు గుర్తుతో చూపించే టెక్స్ట్ కర్సర్ ఇండికేటర్ కూడా అక్కడే ఉంది. దిద్దుబాట్లు చేసే మనిషికి ఇది బాగా పనికొస్తుంది.

కళ్లద్దాల గురించి కూడా ఒక మాట. చత్వారానికి ఇచ్చే అద్దాలు మామూలుగా చేతిలో పుస్తకం పట్టుకునే దూరానికి, అంటే సుమారు 40 సెంటీమీటర్లకు చూసి ఇస్తారు. మానిటర్ దానికంటే దూరంలో ఉంటుంది. అందుకే ఆ అద్దాలతో తెర చూసేవాళ్లు తెలియకుండానే ముందుకు వంగిపోతారు. దూరానికీ దగ్గరికీ ఒకటే అయిన ప్రోగ్రెసివ్ అద్దాలైతే కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి, సాయంత్రానికి మెడ నొప్పి అంటారు. నాన్నగారు మామూలుగా కూర్చున్నప్పుడు కంటి నుంచి తెర దాకా టేపుతో కొలిచి, ఆ సెంటీమీటర్ల లెక్క కాగితం మీద రాసి కంటి డాక్టర్‌కి ఇవ్వండి. ఆ దూరానికి విడిగా ఒక జత అద్దాలు రాస్తారు. ఈ పని స్కేల్ మార్చకముందే అయితే ఇంకా మంచిది, లేకపోతే అద్దాలు వచ్చాక సైజులన్నీ మళ్లీ సర్దుకోవాలి.

పాత మానిటర్ తగిలించాక కూడా పేజ్‌మేకర్ మసకగానే ఉంటే, రెండు తెరల స్కేల్, రిజల్యూషన్ రెండూ రాసి, పేజ్‌మేకర్ ప్రాపర్టీస్ డబ్బా ఫొటో తీసి పెట్టండి. ఎక్కడ తేడా కొడుతోందో దాంతో చెప్పగలను.